ఒడ్డును పట్టేది వేరే

ఒడిశా కొండల్లో పుట్టిన బాహుదా ఇచ్ఛాపురం దాటి డొంకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అలాంటి ఏటి ఒడ్డున కాస్త భూమి, నాలుగు పశువులు ఉన్న కుటుంబానికి వరద వచ్చినప్పుడల్లా ఇంత నేల పోతుంటే మొదట తట్టేది రాతి గోడే. నేనైతే ముందు పశువును ఒడ్డు నుంచి తప్పించి, ఆ తర్వాత గడ్డిని నాటమంటాను. కోత పడ్డ చోట వంగి చూడండి. పైన పచ్చిక చక్కగానే ఉంటుంది, కింద మన్ను జారిపోయి వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. పశువులు నీళ్లకు దిగే చోట గిట్టల గుంటల్లో నీరు నిలిచి, గట్టి వాన పడితే అవే చిన్న కాలువలవుతాయి.

రాయికన్నా గడ్డి గట్టిదా అంటారు. కాదు, వంతెన దగ్గర రాయే కావాలి. కానీ చేను గట్టున పేర్చిన రాయి ప్రవాహాన్ని పక్కవాడి చేలోకి తిప్పుతుంది, అడుగు మన్ను పోతే తనూ కూలుతుంది. వట్టివేరు గడ్డి వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు నిటారుగా దిగుతాయి. సముద్రపు గాలి తగిలే చోట మొగలి తన ఊడలతో ఇసుకను పట్టుకుంటుంది. పెద్ద చెట్లు చాలవా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇదే తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది; ఒడ్డు అంచున ఒరిగిన చెట్టు మన్నునూ పెకలించుకుపోతుంది. ఒడ్డు నుంచి పశువుల్ని తప్పిస్తే మేత నేల తగ్గుతుందన్న బాధ మాత్రం నిజమే. కంచె వేసి, ఒక్కచోట రాళ్లు పరిచి రేవు వదిలితే పశువుల దాహం తీరుతుంది. వేరూనాక లేత గడ్డిని కోసి పాకలోనే వేయొచ్చు. నాట్లు తొలకరిలోనే పడాలి, అక్టోబరు వాయుగుండాలు ఎవరికోసమూ ఆగవు.