మెత్తగా మాట్లాడటం లొంగిపోవడమా?



విహారంలో పంచశీల పలికేటప్పుడు అబద్ధం ఆడనని మాట ఇస్తాం. అయితే అష్టాంగ మార్గంలోని సమ్యక్ వాక్కు నాలుగింటిని మానమంటుంది: అబద్ధం, చాడీ, పరుషమైన మాట, పనికిరాని వాగుడు. మొదటిది పట్టుకుని మిగతా మూడూ వదిలేస్తున్నామేమో చూసుకోండి.

ఇక్కడ మనవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. "తరతరాలుగా మనచేత 'బాంచెన్ దొరా' అనిపించారు. ఇప్పుడు ధమ్మం కూడా మెత్తగా మాట్లాడమంటే తేడా ఏముంది?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఉంది. సమ్యక్ వాక్కును భయంతోనో, మెప్పు కోసమో పాటించకూడదంటారాయన. పైవాడు ఏమనుకుంటాడో, మనకేం నష్టమొస్తుందో అన్న లెక్క అందులో ఉండకూడదు. దొర ముందు మాట మెత్తబడింది భయంవల్ల. ధమ్మంలో మాట మెత్తబడేది మైత్రివల్ల. చెవికి రెండూ ఒకేలా వినిపించినా పుట్టిన చోటు వేరు.

మరి మన మాట ఎక్కడ పుట్టిందో తెలిసేదెలా? మనకంటే చిన్నవాళ్ళతో, మనమీద ఆధారపడ్డవాళ్ళతో ఎలా మాట్లాడుతున్నామో చూస్తే చాలు. ఆఫీసులో 'సార్' అని, ఇంటికొచ్చి భార్యను 'ఏమే' అంటే ఆ 'సార్' భయమే. మార్కులు తగ్గిన పిల్లాణ్ణి 'నీ బతుకింతే' అంటే, ఊరు మనల్ని అన్న మాటే మన నోట్లోంచి వచ్చినట్టు. ఉపకులం పేరుతో ఎత్తిపొడుచుకుంటే కులాన్ని నాలుక మీద మోస్తున్నట్టే.

వీధులూడ్చే సునీతుడు బుద్ధుణ్ణి చూసి గోడకు ఒదిగి నిలబడ్డాడు. బుద్ధుడు అతన్ని తొలగమనలేదు. భిక్ఖూ అని పిలిచి సంఘంలోకి తీసుకున్నాడు. ఒక్క పిలుపుతో మనిషి తలెత్తుకున్నాడు.

అలాగని ఎప్పుడూ తియ్యగానే మాట్లాడాలని లేదు. నిజమై, మేలు చేసేదైతే ఎదుటివారికి నచ్చని మాటైనా చెప్పాల్సిందే, కానీ సమయం చూసి చెప్పాలి. అభయ రాజకుమారుడికి బుద్ధుడు చెప్పిందిదే. టీ కొట్లో మనకు వేరే గ్లాసు పెడితే 'ఇది తప్పు' అని గట్టిగా అడగండి, బూతు అక్కర్లేదు. తమ్ముడు తాగుతుంటే మానమని చెప్పండి. పదిమందిలో వద్దు, తాగి ఉన్నప్పుడు వద్దు. తెల్లారాక పక్కన కూర్చుని చెప్పండి.

నోరు తెరిచే ముందు అయిదు ప్రశ్నలు వేసుకోండి. ఇది సమయమేనా? నిజమేనా? మృదువుగా ఉందా? మేలు చేస్తుందా? మైత్రితోనే అంటున్నానా?

ఈ రాత్రి అన్నం దగ్గర ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లోవాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా వినండి. అభ్యాసం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

నమో బుద్ధాయ. జై భీమ్.