ప్రాణము లేని ఆట – ప్రాణముతో ఆట

మానవుని స్వభావము పనివేళలయందు కంటె విరామవేళలయందే స్పష్టముగా తెలియును. పనిలో అతనిని నియమము నడుపును. విరామములో మనస్సు నడుపును. అందుచేతనే మన పెద్దలు వినోదమును సైతము ధర్మమునకు వెలుపల విడిచిపెట్టలేదు.

సంక్రాంతి సెలవులకు ఒక ఇంజనీరింగు విద్యార్థి గోదావరి తీరమునందలి స్వగ్రామమునకు వచ్చెను. ధనుర్మాసపు చలిలో, తెల్లవారుజామున ఆలయమునుండి తిరుప్పావై వినవచ్చుచుండగా, అతడు దుప్పటి కప్పుకొని సెల్‌ఫోనులో వీడియో గేము ఆడుచుండెడివాడు. అడవిలో మృగములను వేటాడు ఆట అది. ఎన్ని మృగములు కూలిన అన్ని పాయింట్లు. ఒకనాడు తాతగారు అది చూచి నొచ్చుకొని, "పండుగ నెలలో పొద్దున్నే ఈ జీవహింస యేమి నాయనా?" అని మందలించిరి.

మనుమడు ఫోను ప్రక్కన పెట్టి, వినయముగానే, "తాతగారూ! ఇందులో పడిన జింకకు ప్రాణము లేదు, నొప్పి లేదు. తెరను తాకినచో మరల లేచును. పెరటిలో గంప క్రింద ఉన్న మన డేగపుంజు భోగినాడు బరిలో పడినచో మరల లేచునా?" అని అడిగెను.

తాతగారు మారు పలుకలేదు. ఆ పుంజును ఆయన స్వహస్తములతో పెంచిరి. బాదంపప్పు నానబెట్టి తినిపించిరి. ఆయన అడుగుల చప్పుడు విన్నంతనే అది మెడ నిక్కించి కూయును.

ఆ యువకుని ప్రశ్న ధిక్కారము కాదు, ధర్మసూక్ష్మము. ఈ భేదమును మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము ఏనాడో గుర్తించినది. ప్రాణములేని వస్తువులతో ఆడు పందెమును ద్యూతమనియు, ప్రాణులను పెట్టి ఆడు పందెమును సమాహ్వయమనియు అది వేరు చేసినది. రెండింటిని రాజు తన రాజ్యమునుండి తొలగింపవలెననియు, అవి పట్టపగలు జరుగు దొంగతనముతో సమానమనియు చెప్పినది. కోడిపందెము ఎంతవరకు పోగలదో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. పల్నాటి వీరుల కథలో నాయకురాలు నాగమ్మకు, బ్రహ్మనాయనికి నడుమ జరిగిన కోడిపోరు అన్నదమ్ముల రాజ్యమును రణభూమివైపు నడిపించినది.

ఆటకై చేసిన హింసకు ఫలమున్నదా అను సందేహమునకు మహాభారతము ఆదిపర్వమునందలి మాండవ్యోపాఖ్యానము సమాధానము. మౌనవ్రతములో ఉన్న ఆ మహర్షిని రాజభటులు దొంగయని భ్రమించి కొరత వేసిరి. ఏ పాపమునకు తనకీ శిక్షయని ఆయన ధర్మదేవతను నిలదీయగా, బాల్యములో సరదాకు చిన్న పురుగులను పుల్లతో గ్రుచ్చిన ఫలమిది యని సమాధానము వచ్చినది. తెలియని పసితనమునకు ఇంత శిక్షయా యని మహర్షి కోపించి, ధర్ముని మానవుడవై పుట్టుమని శపించెను, అతడే విదురుడు. పదునాలుగేండ్లలోపు చేసినది పాపము కాదని మహర్షి ఆనాడు మర్యాద విధించెను. ఆ మర్యాద పసివారికి అభయము; పెద్దలకు హెచ్చరిక. పదునాలుగేండ్లు దాటినవాడు "ఆటకు చేసితిని" అని తప్పించుకొనజాలడు.

ఈ కథ విద్యార్థినికూడ తాకును. తెరపై వేటాడువారందరు క్రూరులగుదురనుట న్యాయము కాదు. అయినను, వేయిమారులు గురి పెట్టిన కన్ను ఆట ముగిసిన పిదప వీథిలో కుంటుచున్న కుక్కపిల్లను చూచి చెమ్మగిల్లుచున్నదా, లేదా అని తన్ను తాను పరీక్షించుకొనవలెను. చెమ్మగిల్లినచో ఆట ఆటగానే మిగిలినది.

పెద్దలు తరచుగా "ఇది మన సంప్రదాయము" అందురు. వినోదమునకై జంతువులను పోరునకు ఉసిగొల్పుటను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరముగా ఎంచినది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఈ పందెములను అరికట్టవలెనని ప్రభుత్వమును ఆదేశించినది. చట్టము అటుండనిండు, సంప్రదాయమునే అడిగి చూతురుగాక. అదే గోదావరి సీమలో పిఠాపురమున పరమశివుడు కుక్కుటేశ్వరుడై పూజలందుకొనుచున్నాడు. గయాసురుని కథలో కోడియై కూసినవాడు సాక్షాత్తు ఆ స్వామియే. సుబ్రహ్మణ్యుని ధ్వజముపై నిలిచినది కుక్కుటమే. సంక్రాంతి మరునాటి కనుమ పశువులకు పసుపుకుంకుమలు పెట్టి మ్రొక్కు దినము. పిచ్చుకలు తినుటకై చూరునకు వరికంకుల కుచ్చులు కట్టినదియు ఈ సంప్రదాయమే. గుడిలో మ్రొక్కిన రూపమునకే బరిలో కత్తి కట్టుట ఏ సంప్రదాయమగును?

భోగినాడు మంటలు చల్లారకముందే పందెగాండ్రు వాకిటికి వచ్చిరి. తాతగారు గంప యెత్తి పుంజును చేతిలోనికి తీసికొనిరి. అది ఎప్పటివలె ఆయన చంకలో తల దాచుకొనెను. కొంతసేపు దాని వీపు నిమిరి, "మా పుంజు ఈ యేడు రాదు" అనిరి. ఇచ్చిన మాట తప్పినాడని వారు ఎగతాళి చేసిరి, ఆయన సహించిరి. మనుమడు ఆ మాటలన్నియు అరుగుమీదనుండి వినెను. ఆ సాయంకాలము అతడు ఫోను గూటిలో పెట్టి, తాతగారి వద్ద కూర్చుండి వరికుచ్చు అల్లుట నేర్చుకొనెను. మొదటి కుచ్చు వంకరగా వచ్చినది. అయినను తెల్లవారకముందే దానిపై పిచ్చుకలు వ్రాలినవి.

ఒకరు మాట వదలుకొనిరి, ఒకరు ఆట వదలుకొనిరి. ఇంటికి పండుగ వచ్చినది. పురుగునుండి పరమహంస వరకు సమస్త జీవులయందు అంతర్యామియై వెలయు శ్రీమన్నారాయణుడు, చిన్నవారు అడిగిన న్యాయమైన ప్రశ్నకు తలవంచు ధైర్యమును పెద్దలకును, పెద్దల త్యాగమును గుర్తించు మనస్సును చిన్నవారికిని అనుగ్రహించుగాక!