ఏ సిరా?

"వాషబుల్ ఇమ్మంటారా, పర్మనెంటా?" అని కొట్లో అబ్బాయి అడిగేసరికి తెల్లమొహం వేశాను. రెండూ నీలమే. కాని రాయల్ బ్లూ మీద నీళ్ళచుక్క పడితే అక్షరం అలుక్కుపోతుంది, ఎండకు వెలిసిపోతుంది. ఇనుము కలిసిన బ్లూ బ్లాక్ అలా కాదు. రాసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. తాతల నాటి కరక్కాయ, అన్నభేది సిరా గుణమే అదీను.

అమ్మ పోయాక నగల పంపకంలో మాట పెరిగి, అక్కయ్యకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను, బ్లూ బ్లాక్‌తో. మొన్న తన బీరువాలో కనపడింది. ఒక్క అక్షరం చెదరలేదు! అదే అరలో ఉన్న అమ్మ ఉత్తరాలు మాత్రం, ఇల్లు కురిసినప్పుడు తడిసి, నీలపు మరకలై మిగిలాయి. ప్రేమగా రాసినవి పోయి, కోపంతో రాసింది ఉండిపోవడం ఏం న్యాయం చెప్పండి?

పోనీ, చెరిగే సిరాతో రాసి ఉంటే నా తప్పు చిన్నదయ్యేదా? అక్కయ్య చదివింది కదా, ఒక్కసారి చాలదూ? ఇప్పుడు క్షమించమని రాయబోయేది కూడా నీళ్ళకు కరిగిపోయేదైతే, ఆ మాట మీద నేను నిలబడ్డట్టా?

"ఏదమ్మా?" అన్నాడు మళ్ళీ.

బ్లూ బ్లాకే తెచ్చుకున్నాను. పెన్నులో గడ్డకడుతుందట, తరచూ కడుక్కోవాలట. కడుక్కుంటాను.