అపాత్రదానం అనే భయం

దానం విషయంలో మనకున్న పాత భయం అపాత్రదానం. ఇచ్చింది తగనివాడి చేతిలో పడుతుందేమోనని ఇచ్చేవాడి దిగులు. ఇవాళ ఆ దిగులు ఆదాయ ధ్రువపత్రమై తహసీల్ కార్యాలయంలో కూర్చుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఆగిన చదువును మళ్లీ అందుకోవాలనుకునే ఎస్సీ విద్యార్థికి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రావాలంటే కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. ఆ రాష్ట్రం 2024లో తెచ్చిన లాడ్కీ బహీణ్ పథకం కింద నెలకు 1,500 రూపాయలు అందుకునే మహిళకూ గీత అక్కడే. నెలకు పంచితే 20,833 రూపాయలు. ఇవతలివాళ్లు పాత్రులు, ఒక్క రూపాయి అవతలివాళ్లు కారు. పేదరికాన్ని కొలవడం తప్పని నేననను. ఏది, ఎప్పుడు కొలుస్తున్నామన్నదే నా పేచీ.

ఈ ప్రశ్న అడగడానికి చంద్రపూర్ తగిన ఊరు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేడ్కర్ 16న ఇక్కడ దీక్ష ఇచ్చారు. ఆ దీక్షలో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి ప్రజ్ఞ, శీలం, కరుణ మూడింటినీ కలిపి బతకమంటుంది. కలిపి అన్నదే కీలకం. బౌద్ధ గ్రంథమైన దీఘనికాయంలోని కూటదంత సుత్తం దీనికి పాలనారూపం చూపిస్తుంది. దొంగతనాలు పెరిగిన రాజ్యంలో శిక్షలు పనిచేయవని, సేద్యగాడికి విత్తనాలు, వర్తకుడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇమ్మని పురోహితుడు రాజుకు చెబుతాడు. అది ఆకలి తీర్చి పంపేసే భిక్ష కాదు, మనిషిని పనిలో నిలబెట్టే ఈవి. చదువుకిచ్చే సాయం ఈ కోవలోదే.

భిక్షకు చూడాల్సింది పాత్ర ఎంత ఖాళీగా ఉందన్నది. విత్తనానికి చూడాల్సింది పంట చేతికొచ్చేదాకా రైతు ఎలా బతుకుతాడన్నది. మన ఆదాయ పత్రం మొదటిదే చూస్తుంది. గడిచిన ఏడాది సంపాదన అందులో ఉంటుంది. ఈ ఏడాది తరగతిలో కూర్చోవడానికి వదులుకునే కూలి ఉండదు. పెద్దవయసులో చదువుకు తిరిగొచ్చేవారికి అసలు ఫీజు ఆ కూలే. పనిచేస్తూనే చదవొచ్చుగా, 1989 నుంచి నాసిక్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉందిగా అంటారు. అది తలుపు తెరిచిన మాట నిజం. కానీ రోజంతా గనిలోనో మిల్లులోనో ఒళ్లు హూనం చేసుకున్నవారికి పుస్తకం పట్టే ఓపిక ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు.

ఇంకో అభ్యంతరం బలమైనది. ఖజానాకు హద్దుంది, పరీక్ష లేకపోతే ఉన్నవాడే ముందు పట్టుకుపోతాడు, డబ్బు కోసం పేరు నమోదు చేసుకునేవారూ ఉంటారు. ఇవన్నీ నిజమే. అందుకే పరీక్ష ఉండాలి, అయితే దేని చోటు దానిది. చేరేటప్పుడు అవసరం చూడాలి, అది కరుణ పని. చేరాక హాజరు, ఉత్తీర్ణత చూడాలి, అది శీలం పని. చదువు మధ్యలో ఇంట్లో ఒకరికి జీతం కాస్త పెరిగిందని సాయం ఒక్కసారిగా తెంచేయడం మాత్రం ఈ రెండింటిలో దేని పనీ కాదు. కోర్సు ముగిసేదాకా ఉంచాలి, లేదా ఆదాయం పెరిగినకొద్దీ మెల్లగా తగ్గించాలి. లేకపోతే పేదగా ఉండటమే అర్హతై, ఎదగడం నేరమవుతుంది. పాత్రత అంటే లేమి ఒక్కటే అనుకున్నంతకాలం, చదువుకుని లేమి పోగొట్టుకోబోయే మనిషే మన లెక్కలో అపాత్రుడిగా తేలుతాడు.