ఆటిజముగలవారి కాయకము

బనగానపల్లె మామిడితోటలలో కోసిన కాయలను పరిమాణమును బట్టి వేరుచేసి పెట్టెల కెత్తుట యొక పని. ఆ ప్రాంతముననే నాపరాళ్లను యంత్రములపై కోయుట మరియొక పని. ఆటిజముగల యువకుని కొకనికి మొదటిది హాయిగా నుండవచ్చును. రెండవదాని చప్పుడు దుర్భరము కావచ్చును. మరియొకనికి ఇది తారుమారు కావచ్చును. వాడు సోమరి యని తీర్పు చెప్పుటకు ముందు, వానికి చూపిన పని యెట్టిదో చూడవలదా?

1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు ఆటిజమును వర్ణించుచు పదునొకండుగురు బాలల వృత్తాంతము వ్రాసెను. వారిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. ఆ బాలుడు పెరిగి, మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్న ఊరి బ్యాంకులో అరువదేండ్లకు పైగా ఉద్యోగము చేసి, 2023లో కన్నుమూసెను. ఆ బ్యాంకు తల్లివైపువారిదే. ఆ యనుకూలము అందరికి నుండదు. అయినను ఊరివారికి సంఖ్యలు పెట్టి పిలుచు ఆయన వింత యలవాటును వారు సహించి, తమవానిగా నుంచుకొనిరి. ఇందుకు ధనముతో పని లేదు.

మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు కేటాయించినది. అందొకటి ఆటిజము, మేధోవైకల్యము, మానసికవ్యాధి మున్నగునవి గలవారి కుమ్మడిగా దక్కును. మంచిదే. కాని చిన్న ఊళ్లలో ప్రభుత్వోద్యోగము లెన్ని యుండును? తక్కిన పని తోటయజమాని చేతిలోను, దుకాణదారు చేతిలోను, మఠము చేతిలోను గలదు.

బసవేశ్వరుని కాలమున నులియ చందయ్య గడ్డిత్రాళ్లు పేని, ఆ సంపాదనతో జంగమార్చన చేసెను. త్రాడు గట్టిగా నుండెనా యని చూతురు గాని, పేనినవాడు ఎదుటివాని కన్నులలోనికి చూచి మాటాడెనా యని యెవరడుగుదురు? నేడు మనము అడుగుచున్నది అదియే. జాలిపడి యొక మూల కూర్చుండబెట్టి నాలుగు రూపాయలు చేతిలో పెట్టుట కూడ కాయకము నిచ్చుట కాదు. పని నిజమైనదిగాను, కూలి సాటివారితో సమానముగాను ఉండవలెను.

ఇక కఠినమైన ప్రశ్న యొకటి. కాయకమే కైలాసమైనచో, ఏ పనియు చేయజాలక జీవితాంతము తోడు కావలసినవానికి చోటెక్కడ? కాయకమునకు జంట దాసోహము. చేయగలవాడు ఆర్జించినదానిలో చేయలేనివానికి భాగము గలదు. అది భిక్ష కాదు. అయితే ఈ మాటను సాకుగా గొని, చేయగలవానిని గూడ చేయలేనివాడని ఇంట కూర్చుండబెట్టుట సులభము. బంధువులలో పరువునకు వెఱచి అట్లు చేయు కుటుంబములు లేకపోలేదు. ముప్పదేండ్ల కుమారునికి అన్నము కలిపిపెట్టుచున్న తల్లి, తన తరువాత వీనికెవరని రాత్రులు మేలుకొనియుండును.