ఆదా అయిన గంట ఎవరిది?

పని త్వరగా ముగించడం సద్గుణమేనా? గోడకు ప్లాస్టరింగ్ చేసే చోట నిలబడి చూస్తే రెండు రకాల వేగం కనిపిస్తుంది.

నేర్పున్న తాపీ మేస్త్రీ గోడను ముందే తడిపిస్తాడు. తూకంగుండుతో చూసి మందం గుర్తులు పెట్టుకుంటాడు. నీళ్లు కలిపిన సిమెంటు మాలును అరగంటలోపు వాడేయాలి కనుక అంతకు సరిపడానే కలిపిస్తాడు. పైనుంచి కిందికి పని చేసుకుంటూ వస్తాడు. వృథా కదలికలు పోతాయి, వేగం దానంతటదే వస్తుంది. ఎవరికీ హాని లేని ఈ శ్రద్ధే సమ్యక్ వ్యాయామం.

రెండో వేగం గుత్త పనిది. బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు పోస్తారు. తడి త్వరగా లాగేందుకు పొడి సిమెంటు చల్లుతారు. కనీసం 7 రోజులు తడపాల్సిన గోడను రెండు రోజులకే వదిలేస్తారు. బిల్లు ముందు వస్తుంది, నెర్రెలు తర్వాత వస్తాయి.

నెర్రెల కన్నా ముందే మూల్యం చెల్లించే మనిషి ఒకరున్నారు. మాలు తట్ట మోసే ఆమె. తాపీ ఎంత జోరుగా ఆడితే ఆమె మెట్లు అంత జోరుగా ఎక్కాలి. రెండు రోజుల పని ఒక రోజులో ముగిస్తే గుత్తేదారుకు లాభం, ఆమెకు ఒక రోజు కూలి నష్టం.

మేస్త్రీని నిందించి ప్రయోజనం లేదు. గీచి గీచి బేరమాడిన రేటు మనదే. ఇల్లు కట్టించే మిత్రులారా, గుత్త మాట్లాడే రోజునే 7 రోజుల తడుపుకూ, తట్ట మోసే మనిషికీ లెక్క కట్టండి.