లోపం చెప్పి అమ్మడం కూడా ఆరాధనే

 

మా చిట్యాల ప్రాంతంలో వరి కోతలు మొదలైతే చాలు, కొనుగోలు కేంద్రాల్లో ఎటు చూసినా వడ్ల కుప్పలే. రైతుల నోట వినిపించేది ఒక్కటే మాట: ‘తేమ ఎంత వచ్చింది?’ 17 శాతం దాటితే మళ్లీ ఆరబోయాల్సిందే.

తేమను కొలిచే యంత్రాలు లేని రోజుల్లో దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో స్వయంగా ఈ పరీక్ష చేశారు. ఒక ధాన్యపు కుప్పలోకి చేయి పోనిస్తే వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని యజమాని చెప్పాడు. అలాగైతే జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

గమనించండి! వాన కురిపించింది ఆ వర్తకుడు కాదు. ధాన్యం తడవడం అతని తప్పు కాదు. తడిని అడుగున దాచడమే తప్పు.

ఈ హదీసును విద్యార్థులకు ఎన్నోసార్లు బోధించాను. దాని బరువు మాత్రం ఒక డిజిటల్ కెమెరా కొన్నప్పుడే తెలిసింది.

మా మదరసాలోని పాత ఉర్దూ గ్రంథాలకు చెదలు పడుతున్నాయి. పేజీలను ఫోటోలు తీసి భద్రపరచాలని కమిటీ పెద్దలు కెమెరాకు డబ్బు ఇచ్చారు. అది చందా సొమ్ము, నా చేతిలో అమానతు. హైదరాబాదు వెళ్లాను. నా గడ్డం, టోపీ చూడగానే ఒక దుకాణదారు సలాం చేసి, చాయ్ తెప్పించాడు. డబ్బా సీలు విప్పి ఉందేమని అడిగాను. “మౌలానా సాబ్, అల్లాహ్ సాక్షి! కొత్తదే. నిన్న ఒకరికి చూపించడానికి విప్పాం, అంతే” అన్నాడు. బిల్లు వద్దంటే వెయ్యి రూపాయలు తగ్గిస్తానన్నాడు. మదరసాకు వెయ్యి మిగులుతుంది కదా అని నేనూ సరేనన్నాను.

ఇంటికొచ్చి ఖాళీ కార్డు వేసి ఫోటో తీస్తే, మొదటి ఫోటో సంఖ్యే రెండు వేలు దాటి ఉంది. డబ్బా మీద ఒక సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఇంకొకటి. పది రోజులకే లెన్సు బయటికి రావడం మానేసింది. మళ్లీ వెళితే ఈసారి సలామూ లేదు, చాయూ లేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోమన్న బోర్డు చూపించి, “బిల్లేదీ?” అన్నాడు.

సోదరులారా! అక్కడ నాకు కోపం కన్నా సిగ్గే ఎక్కువైంది. అప్పు లావాదేవీలు రాసుకోమని, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమని సూరతుల్ బఖరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. అది కంఠస్థం వచ్చిన నేను కాగితం ముక్క లేకుండా కొన్నాను. పన్ను ఎగవేతలో భాగస్థుణ్ణీ అయ్యాను. అతను అల్లాహ్ పేరును వెయ్యికి అమ్మితే, నేను వెయ్యికి కళ్లు మూసుకున్నాను.

మన దేశ చట్టమూ ఇదే చెబుతోంది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోవడానికి నిరాకరించడమూ అంతే. బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం మారదు. సలహా కోసం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కానీ చేతిలో బిల్లు ఉంటేనే ఫిర్యాదును నిరూపించడం తేలిక.

అమానతులో అశ్రద్ధ చేసినవాడే నష్టం భరించాలన్నది ఫిఖ్హ్ సూత్రం. కమిటీకి ఉన్నదున్నట్టు చెప్పి, అప్పు తెచ్చుకుని నల్లగొండలో మరో దుకాణానికి వెళ్లాను. అక్కడ పనిచేసే హిందూ యువకుడు నేను అడగకముందే అన్నాడు: “సార్, ముందే చెప్తున్న, ఇది షోకేసులో పెట్టిన పీసు. అడుగున గీత పడ్డది. కొత్తది కావాలంటే రెండ్రోజులు ఆగండి. ఇదే తీసుకుంటే ధర తగ్గిస్తం.” గీత చూపించాడు, నంబరు సరిచూశాడు, బిల్లు రాసిచ్చాడు.

తడిసిన ధాన్యాన్ని పైన పెట్టింది ఎవరు? అల్లాహ్ పేరున ప్రమాణం చేసినవాడా, ఈ యువకుడా? మీరే ఆలోచించండి. కొనేవారూ అమ్మేవారూ నిజం చెప్పి లోపాన్ని వెల్లడిస్తే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖనం. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

ఇక నా పరీక్ష మిగిలే ఉంది. చెడిపోయిన కెమెరాను ఎవరికైనా అంటగట్టమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నిజం చెప్పాలంటే, ఒక రాత్రంతా ఆ ఆలోచన నన్ను వదల్లేదు. అప్పుడు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గుర్తొచ్చారు. ఆయన బట్టల వర్తకులు. లోపమున్న బట్ట గురించి చెప్పి అమ్మమని భాగస్వామికి అప్పగిస్తే, అతను చెప్పడం మరిచి అమ్మేశాడు. కొన్నవారి ఆచూకీ దొరకలేదు. ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేసేశారని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి. తెల్లవారి కెమెరాను రిపేరు షాపుకు తీసుకెళ్లి, దోషమంతా చెప్పి, విడిభాగాల కింద వచ్చినంతకు ఇచ్చేశాను. చాలా తక్కువ వచ్చింది. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపట్టింది.

దుకాణాలు నడిపే నా సోదరులారా! మీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నప్పుడు కూడా మీరు అల్లాహ్ సన్నిధిలోనే ఉన్నారు. కొనుగోలుదారు సరుకులోని లోపం చూడలేకపోవచ్చు. అల్లాహ్ చూస్తున్నాడు.

మన సంపాదనను హలాల్‌గా, మన నాలుకలను సత్యవంతంగా ఉంచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.